సిలికా కడ్డీలు చేసేటప్పుడు ముందు నీటి లెక్క చూసుకోండి

కొలాయిడ్ల (ద్రవంలో తేలే అతి సన్నటి కణాల) పని మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ముందు గోళాలే చేస్తారు. 1968లో స్టోబర్, ఫింక్, బోన్ అనే ముగ్గురు రాసిపెట్టిన పద్ధతి అది. ఇథనాల్, నీళ్లు, అమ్మోనియా కలిపి అందులో టీఈఓఎస్ (సిలికాగా మారే ద్రవం, టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్) పోస్తే ఒకే సైజు సిలికా గోళాలు తెల్లగా తేలతాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వచ్చే పిల్లలు కొద్దిరోజుల్లోనే మంచి ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలు తెచ్చి మురిసిపోతుంటారు.

చిక్కంతా గోళానికి దిశ లేకపోవడంతోనే. ఎటు తిప్పినా ఒకటే కాబట్టి వాటిని కుదించి పేరిస్తే వచ్చే అమరికలు కొన్నే. అదే సన్నటి కడ్డీ అయితే, పక్క కడ్డీ ఎటు తిరిగి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కడ్డీల మధ్య ఆకర్షణ ఏమీ లేకపోయినా, జాగా ఇరుకైతే చాలు, అవి వాటంతటవే ఒకే దిక్కుకు సర్దుకుంటాయని లార్స్ ఆన్‌సాగర్ 1949లోనే లెక్కగట్టి చూపించారు. కణాలను ఇటుకల్లా వాడి కొత్త పదార్థాలు కట్టాలనుకునేవాళ్లు గోళాలు వదిలి కడ్డీలు, ఘనాలు, డంబెల్స్ వెంట పడటానికి మూలం అదే.

నేను చెన్నైలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నికల్ అసిస్టెంట్‌ని. సొంతూరు గూడూరు. మా ల్యాబ్‌కి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే తెలుగు పిల్లలు ఎక్కువ. "అక్కా, గోళాలు కాకుండా ఇంకేదన్నా చేద్దాం" అని అడిగినవాళ్లకు నేను ఇచ్చే కాగితమే ఇది. ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఏ పద్ధతి ఎంచుకోవాలో చెప్పాలి. మూడు దారులు మామూలు ల్యాబ్‌కి అందుబాటులో ఉంటాయి. మొదటిది, పాలీస్టైరీన్ గోళాలను పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్) ఫిల్మ్‌లో పోతపోసి, వేడిచేసి, ఫిల్మ్‌ను సాగదీయడం. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడుతుంది కాబట్టి, అంతకంటే వేడిగా ఉన్నప్పుడు లాగితే ఫిల్మ్‌తోపాటు లోపలి గోళాలూ సాగి అండాకారం తెచ్చుకుంటాయి. చూడముచ్చటైన పద్ధతే. కానీ ఫిల్మ్ సమంగా సాగే చట్రం కావాలి, వచ్చే సరుకు చాలా కొంచెం, పైగా కణాలకు అంటుకున్న పీవీఏని కడిగి వదిలించడం ఒక పట్టాన తెమలదు. రెండోది హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. సుగిమోటో బృందం పద్ధతిలో 2 మోలార్ ఫెర్రిక్ క్లోరైడ్‌లో అంతే పరిమాణం 5.4 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోసి, వచ్చిన జెల్‌ను 100 డిగ్రీల దగ్గర 8 రోజులు ఓవెన్‌లో ఉంచితే మూలలు కాస్త గుండ్రబడిన ఘనాలు వస్తాయి. సల్ఫేట్ కొంచెం చేరిస్తే అవే వేరుశనగ కాయల ఆకారంలోకి మారతాయి. ఎనిమిది రోజులు ఓవెన్‌ను మీకు వదిలేసే ల్యాబ్ ఉంటే చేయండి. మా దగ్గర ఆ భాగ్యం లేదు.

మూడోది సిలికా కడ్డీలు. 2011లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం నుంచి కయిక్, వాన్ బ్లాడరెన్, ఇమ్‌హాఫ్ ప్రచురించిన పద్ధతి. ఒక సీసా, ఒక సోనికేటర్ (శబ్ద తరంగాలతో కదిపే నీటి తొట్టి), ఒక సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి కణాలను అడుగుకు దించే మెషీన్) ఉంటే అయిపోతుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇందులో కడ్డీ ఎలా పెరుగుతుందో అర్థం చేసుకోకుండా కొలతలు మాత్రం బట్టీపట్టి చేస్తే, తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియదు. కాబట్టి ఓపిగ్గా చదవండి. ద్రావణంలో ఎక్కువ భాగం పెంటనాల్. అందులో పీవీపీ (పాలీవినైల్ పైరోలిడోన్ అనే పాలిమర్) కరిగి ఉంటుంది. మనం పోసే కొద్దిపాటి నీరు పెంటనాల్‌లో పూర్తిగా కలిసిపోకుండా కంటికి కనబడనంత చిన్న చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా పీవీపీ, సిట్రేట్ కాపాడతాయి. టీఈఓఎస్ ఉండేది పెంటనాల్ వైపు. అమ్మోనియా సాయంతో అది నీటితో చర్య జరిపాక నీటిని ఇష్టపడే రూపంలోకి మారి చుక్కలోకి చేరుతుంది. అక్కడ సిలికాగా గట్టిపడుతుంది. గట్టిపడిన ముక్క చుక్కకు ఒక పక్కన అతుక్కుని ఉంటుంది. తర్వాత వచ్చే సిలికా అంతా చుక్క ఉన్న వైపే చేరుతుంది కాబట్టి పెరుగుదల ఒకే దిశలో సాగుతుంది. చివరికి తేలే కడ్డీ తుపాకీ గుండులా ఉంటుంది. మొదట పుట్టిన కొన గుండ్రంగా, చుక్క కూర్చున్న కొన చదునుగా.

అంటే కడ్డీ లావు చుక్క సైజును బట్టి ఉంటుంది. చుక్క సైజు ఎంత నీరు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పద్ధతిలో మీరు నిజంగా కొలవాల్సింది నీరే. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా కడ్డీలు వస్తాయి. నీరు తప్పితే మాత్రం ఏం వస్తుందో చెప్పలేం.

అసలు పద్ధతిలో 300 మి.లీ. పెంటనాల్‌తో చేస్తారు. నేర్చుకునేవాళ్లకు దాంట్లో పదో వంతు చాలు:

పీవీపీ, అణుభారం 40,000 ఉన్నది: 3 గ్రాములు
1-పెంటనాల్: 30 మి.లీ.
అబ్సల్యూట్ ఇథనాల్: 3 మి.లీ.
డిస్టిల్డ్ వాటర్ కంటే శుద్ధమైన మిల్లీక్యూ నీళ్లు: 0.84 మి.లీ.
సోడియం సిట్రేట్ ద్రావణం, 0.18 మోలార్: 0.2 మి.లీ.
అమ్మోనియా, 25 శాతం: 0.675 మి.లీ.
టీఈఓఎస్: 0.3 మి.లీ.

సిట్రేట్ ద్రావణానికి సోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 0.53 గ్రాములు తూచి 10 మి.లీ. నీటిలో కరిగించుకోండి. పాతది వాడొద్దు, ఫంగస్ పడుతుంది. పీవీపీ కొనేటప్పుడు డబ్బా మీద కే-30 అని ఉంటే సుమారుగా ఇదే అణుభారం. అబ్సల్యూట్ ఇథనాల్‌కి కాలేజీ పేరు మీద ఎక్సైజ్ అనుమతి ఉండాలి. ఆ కాగితాలు కదలడానికి టైం పడుతుంది కనుక ప్రాజెక్టు మొదట్లోనే స్టోర్‌లో అడిగిపెట్టుకోండి. మామూలు రెక్టిఫైడ్ స్పిరిట్‌తో సర్దుకుందాం అనుకోకండి, అందులో నీరు ఉంటుంది. సీసాలు, పైపెట్ టిప్స్ లాంటివి చెన్నైలోని ప్యారీస్ కార్నర్ వైపు దుకాణాల్లో దొరుకుతాయి. రసాయనాలు మాత్రం బ్యాచ్ నంబరు, సర్టిఫికెట్‌తో సహా ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి.

ఇప్పుడు నీటి లెక్క. విడిగా పోసేది 0.84. సిట్రేట్ ద్రావణంలో 0.2. అమ్మోనియా సీసాలో నాలుగింట మూడొంతులు నీరే కాబట్టి 0.675 మి.లీ. నుంచి ఇంకో 0.46 గ్రాములు. మొత్తం సుమారు గ్రామున్నర. ఇక పీవీపీ సంగతి చూడండి. అది గాల్లోని తేమను పీల్చుకునే పొడి. 5 శాతం వరకు తేమ ఉండొచ్చని ఫార్మకోపియా (మందుల నాణ్యతా గ్రంథం) ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మూడు గ్రాముల్లో 5 శాతం అంటే 0.15 గ్రాములు. మీరు కొలిచిన నీటిలో పదో వంతు, మీకు తెలియకుండానే లోపలికి పోయినట్టు. ఇది డబ్బా సరిగ్గా మూసి ఉన్నప్పటి మాట. చెన్నైలో నవంబర్‌లో వాన పడుతుండగా మూత వదులుగా ఉన్న డబ్బాలో ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఒకే కాగితం పట్టుకుని మేలో ఒకరు, నవంబర్‌లో ఇంకొకరు చేస్తే వేర్వేరు లావు కడ్డీలు రావడంలో వింతేమీ లేదు.

అందుకని పీవీపీని కొత్త డబ్బా తెరిచిన రోజే చిన్న చిన్న సీసాల్లోకి, ఒక్కో ప్రయోగానికి సరిపడా పంచేసి డెసికేటర్‌లో (తేమ చేరకుండా ఉంచే మూత పాత్రలో) పెట్టండి. డెసికేటర్‌లోని సిలికా జెల్ నీలంగానో నారింజ రంగులోనో ఉండాలి. రంగు మారిపోయి ఉంటే ముందు దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి రండి. తూచేటప్పుడు కూడా బ్యాలెన్స్ దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడొద్దు. తేమ ఎంతుందో తెలుసుకోవాలంటే ఒక గ్రాము పొడి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. తగ్గినంత నీరు. మీరు వేసేది మూడు గ్రాములు కాబట్టి దాన్ని మూడుతో గుణించి, 0.84లోంచి తీసేసి పోయండి.

అమ్మోనియాది దీనికి ఎదురు బాధ. సీసా తెరిచిన ప్రతిసారీ వాయువు పోయి బలం తగ్గుతుంది, నీటి పాలు పెరుగుతుంది. మన ఎండలకు సీసాలో పీడనం కూడా పెరుగుతుంది, మూత తీయగానే ముఖం మీదికి కొడుతుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచి, ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే గూడు), కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని తెరవండి. పెద్ద సీసా ఎప్పుడు తెరిచారో ఎవరికీ గుర్తులేదంటే దాన్ని గ్లాస్‌వేర్ కడగడానికి ఉంచి, మీ పనికి చిన్న సీసా కొత్తది తెప్పించుకోండి.

ఇక పని. 50 మి.లీ. పట్టే మూత గట్టి గాజు సీసాలో పెంటనాల్ పోసి, పీవీపీని కొంచెం కొంచెంగా వేస్తూ కదపండి. ఒకేసారి గుమ్మరిస్తే అడుగున బంకగా ముద్దకడుతుంది, అది కరగడానికి పూటంతా పడుతుంది. అన్నీ హుడ్‌లోనే. పెంటనాల్ వాసన గొంతు పట్టేస్తుంది, పక్క ల్యాబ్ వాళ్లతో తగువు కూడా తెస్తుంది. తర్వాత రెండు గంటలు సోనికేటర్‌లో ఉంచండి. సోనికేటర్ నీళ్లు ఈలోగా బాగా వేడెక్కుతాయి కాబట్టి మధ్యమధ్య మార్చండి. ద్రావణం గింజలు లేకుండా తేటగా కనిపించాలి. తేటపడ్డాక గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడకూడదు, కారణం కింద చెప్తాను.

చల్లారాక ఇథనాల్, నీళ్లు, సిట్రేట్ వరుసగా పోసి మూత బిగించి చేత్తో ఒక నిమిషం గట్టిగా ఊపండి. చుక్కలు ఏర్పడేది ఇప్పుడే. మాగ్నెటిక్ స్టిరర్ వద్దు. ఆ తర్వాత అమ్మోనియా పోసి మళ్లీ ఊపండి. చివరిగా టీఈఓఎస్ పోసి ఇంకోసారి ఊపండి. టీఈఓఎస్ సీసాలో తెల్లటి పొరకలు కనిపిస్తే అది అప్పటికే తేమ తగిలి పాడైనట్టు, వాడొద్దు. దాని ఆవిరి కళ్లకు మంచిది కాదు, ముక్కు దగ్గర పెట్టి చూడొద్దు.

అంతే, ఇక సీసాను ముట్టుకోకండి. రాత్రంతా కదలకుండా ఉండాలి. ఎలా ఉందో చూద్దామని గంటగంటకూ ఎత్తి వెలుతురులో చూసేవాళ్లుంటారు. పెరుగుతున్న కడ్డీ కొసన చుక్క పట్టుకుని ఉంది. కుదిపితే అది జారిపోవచ్చు. జారిపోతే ఆ కడ్డీ పెరుగుదల ఆగిపోతుంది, విడిపోయిన చుక్కలో కొత్తది మొదలవుతుంది. సెంట్రిఫ్యూజ్, వర్టెక్స్ (ట్యూబులు కుదిపే మెషీన్) ఉన్న బల్ల మీద కూడా పెట్టొద్దు.

వేడి విషయానికొస్తే, ఎక్కువ వేడిలో పెరిగిన కడ్డీలు సన్నగా వస్తాయి. పెరుగుతుండగా వేడి మారితే ఒకే కడ్డీలో లావు, సన్నం భాగాలు వస్తాయి. 2014లో డాట్స్‌కోస్, శర్మ దీన్నే కావాలని చేసి, మెట్లు మెట్లుగా ఉన్న కడ్డీలు తయారుచేసి చూపించారు. కావాలని చేస్తే అది పరిశోధన. చాలా కాలేజీల్లో మాత్రం సాయంత్రం ఆరుకు ఏసీ ఆపేస్తే, అడగకుండానే మెట్లు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిళ్లు కూడా ల్యాబ్ 32, 33 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర నిలిపే ఇన్‌క్యుబేటర్ దొరికితే దాని షేకర్ ఆపించి అందులో పెట్టండి. దొరక్కపోతే రసాయనాలు పార్సిల్ వచ్చిన థర్మోకోల్ పెట్టె చాలు. 25 డిగ్రీల నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు నాలుగు అందులో చుట్టూ పేర్చి, మధ్యలో మీ సీసా పెట్టి మూత టేప్ చేయండి. పక్కన ఒక థర్మామీటర్ గుచ్చి, పొద్దున రాగానే అంకె రాసుకోండి. ఇది అచ్చంగా ఒకే వేడి నిలపదు గానీ, మార్పు ఒక్కసారిగా రాకుండా ఆపుతుంది. కడ్డీకి పట్టింపు దాని మీదే. ద్రావణం చల్లారాక మొదలుపెట్టమని చెప్పింది కూడా ఇందుకే.

తెల్లారేసరికి ద్రవం పాలలా తెల్లబడి ఉంటుంది. అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే కడ్డీలు ఇప్పుడు చిక్కటి పీవీపీ ద్రావణంలో ఉన్నాయి, అంత సులభంగా కిందికి దిగవు. మొదటి దఫా 1500 జీ (భూమి ఆకర్షణకు 1500 రెట్లు) దగ్గర ఒక గంట తిప్పాలి. మెషీన్ మీద ఆర్‌పీఎం మాత్రమే ఉంటే రోటర్ వ్యాసార్థం కొలవండి. 10 సెంటీమీటర్లయితే 1500 జీ అంటే దాదాపు 3,660 ఆర్‌పీఎం. 700 జీ అంటే 2,500. "ఎంత స్పీడ్ పెట్టమంటారు అన్నా?" అని సెంట్రిఫ్యూజ్ చూసుకునే ఆయన్ని అడిగితే ఆయన ఎప్పుడూ పెట్టే స్పీడే పెడతారు, అది మీకు చాలా ఎక్కువ. మరీ గట్టిగా తిప్పితే కింద పేరుకున్నది మళ్లీ విడిపోదు. ట్యూబులు పాలీప్రొపిలీన్‌వి కావాలి. పాలీకార్బనేట్ ట్యూబులు అమ్మోనియాకు తట్టుకోవు. ఎదురెదురు ట్యూబులు బ్యాలెన్స్ మీద పెట్టి సమంగా తూచుకోండి, కంటితో చూసి సరిపెట్టొద్దు.

పై ద్రవాన్ని వేస్ట్ క్యాన్‌లో పోయండి. సింక్‌లో వద్దు, పెంటనాల్ వాసన బిల్డింగ్ అంతా పాకుతుంది, పైగా అది డ్రైనేజీలో పోయాల్సిన సరుకు కాదు. అడుగున మిగిలినదానికి ఇథనాల్ పోసి, కొద్దిసేపు సోనికేట్ చేసి, 1500 జీ దగ్గర పావుగంట తిప్పండి. తర్వాత రెండుసార్లు నీటితో, ఒకసారి ఇథనాల్‌తో ఇలాగే కడగండి. ఇప్పటికి పీవీపీ దాదాపు పోయినట్టే.

ఇంకో పని మిగిలింది. ప్రతి బ్యాచ్‌లోనూ పొట్టివి, ఆలస్యంగా పుట్టినవి, ఎక్కడో కొన్ని గోళాలు ఉంటాయి. 700 జీ దగ్గర పావుగంట తిప్పితే పొడవాటి కడ్డీలు దిగిపోయి చిన్నవి పైనే ఉంటాయి. పైది పారబోసి, తాజా ఇథనాల్ పోసి మళ్లీ తిప్పండి. రెండు మూడు దఫాలు ఇలా చేస్తే మిగిలేవి బాగా ఒకే తీరుగా ఉంటాయి. సరుకు పోతోందని బాధపడి ఈ దశ మానేసేవాళ్లున్నారు. ఎలాగూ 0.3 మి.లీ. టీఈఓఎస్ మొత్తం సిలికా అయినా 80 మిల్లీగ్రాములకు మించదు. ఆ కొంచెం కూడా శుభ్రంగా లేకపోతే దాంతో ఏ అమరికా చేయలేరు. ఎక్కువ కావాలంటే 300 మి.లీ.కి పెంచండి, కడగడంలో మాత్రం పొదుపు చేయొద్దు.

కడ్డీలు వచ్చాయో లేదో ఎస్‌ఈఎం స్లాట్ వచ్చేదాకా ఆగకుండా చూడొచ్చు. చిన్న సీసాలో ఇథనాల్‌లో కడ్డీలు కలిపి, చేత్తో ఒక చుట్టు తిప్పి వెలుతురుకి పట్టండి. ప్రవాహంతోపాటు కడ్డీలు ఒకే దిక్కుకు తిరిగి, కంచి పట్టుచీర కదిలినప్పుడు వచ్చే మెరుపులా చారలు కదులుతాయి. గోళాలైతే ఎంత తిప్పినా మందంగా తెల్లగానే ఉంటుంది. మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది. పొడవు మైక్రాన్ దాటి ఉంటుంది కాబట్టి 100 ఎక్స్ ఆయిల్ లెన్స్ కింద చిన్న గీతల్లా కదులుతూ కనిపిస్తాయి. డీఎల్‌ఎస్ (కాంతి చెదిరే తీరు చూసి కణం సైజు చెప్పే) మెషీన్‌లో పెట్టి ఒక అంకె తెచ్చుకుని రిపోర్టులో రాయొద్దు. ఆ మెషీన్ ప్రతి కణాన్నీ గోళం అనుకుని లెక్కగడుతుంది. కడ్డీకి రెండు కొలతలు కావాలి, ఆ ఒక్క అంకె రెండింట్లో ఏదీ కాదు.

ఎస్‌ఈఎం ఫొటోలో కనీసం వంద కడ్డీల పొడవు, వెడల్పు విడివిడిగా కొలవండి. అందంగా కనిపించినవి ఏరుకోకుండా ఫ్రేమ్‌లో ఉన్నవన్నీ కొలవాలి. పొడవును వెడల్పుతో భాగిస్తే 4.7 కంటే తక్కువ వస్తే, ఒకే దిక్కుకు తిరిగే నెమాటిక్ దశ వాటి నుంచి ఆశించొద్దు. గుండ్రటి కొనలను వదిలేసి కొలిచిన పొడవుకు సిమ్యులేషన్లు ఆ హద్దును 3.7 దగ్గర చూపించాయి, కొనలతో కలిపితే అది 4.7. ఐదారు వస్తే సంతోషంగా ముందుకెళ్లండి. లావుగా, పొట్టిగా వచ్చాయంటే ముందు నీరు ఎక్కువైందని అనుమానించండి. పీవీపీ సీసా, ఇథనాల్ సీసా, అమ్మోనియా సీసా ఆ వరసలో చూడండి. కొలతలన్నీ సరిగ్గానే ఉండి గోళాలు ఎక్కువ కనిపిస్తే పీవీపీ పూర్తిగా కరిగిందా అని చూడాలి. మధ్యలో సన్నబడిన కడ్డీలు కనిపిస్తే థర్మామీటర్ అంకె దగ్గరికి వెళ్లండి.

నిల్వ ఇథనాల్‌లోనే. నీటిలో, ముఖ్యంగా కాస్త క్షారం ఉన్న నీటిలో, సిలికా నెమ్మదిగా కరుగుతుంది. కడ్డీలు అడుగుకు చేరి పేరుకుంటే కంగారుపడకండి, సోనికేటర్‌లో కాసేపు ఉంచితే విడిపోతాయి.

ఈ కరగడాన్నే పనికి వాడుకోవచ్చు కూడా. కడ్డీ అంతటా సిలికా ఒకే గట్టిదనంతో ఉండదు. ఒక కొన వైపు భాగం తక్కువ గట్టిగా ఉంటుంది. పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కడ్డీలను ఉంచితే ఆ కొన త్వరగా తరిగిపోయి, కడ్డీ శంకువుగా మారుతుంది. హేగ్‌మన్స్, వాన్ బ్లాడరెన్ వాళ్ల బృందం 2016లో దీన్ని చూపించింది. గోళం కాని ఇంకో ఆకారం, కొత్త రసాయనమేదీ కొనకుండా. మీ 80 మిల్లీగ్రాముల్లో ఓ పది పక్కన పెట్టి ప్రయత్నించండి. అరగంటకోసారి కొద్దిగా తీసి, వెంటనే ఇథనాల్‌తో కడిగి ఆపేయండి, ప్రతి సీసా మీద ఎంతసేపు ఉంచారో రాయండి. ఎస్‌ఈఎం స్లాట్ ఒకేసారి బుక్ చేసుకుంటే అన్ని నమూనాలూ ఒక స్టబ్ (నమూనాలు అంటించే బిళ్ల) మీద పట్టేస్తాయి.